నాణెములకు తగిన యినుపపెట్టె

మా విద్యార్థులలో కొన్నియేండ్లుగా పాత నాణెములను కూడబెట్టు అభిరుచి పెరుగుచున్నది. చరిత్రపాఠమున వల్లెవేసిన రాజుల పేర్లు అఱచేతిలో బరువుగా నిలిచినపుడు కలుగు తెలివి పుస్తకమువలన కలుగదు గనుక ఈ యభిరుచిని మేము ప్రోత్సహించుచునే యున్నాము. అయితే సేకరణము పెరిగినకొలది దానిని దాచు చింతయు పెరుగును. నాణెముల కెట్టి యినుపపెట్టె కొనవలయునని తలిదండ్రులు పలువురు మమ్మడుగుచున్నారు. అంగడివారు ఈ ప్రశ్నకు దొంగను గూర్చియు నిప్పును గూర్చియు మాత్రమే చెప్పుదురు. మా యభిప్రాయము వేఱు. పెనుగొండవంటి డెల్టా గ్రామములలో నాణెములకు మొదటి శత్రువు తేమ. దొంగ వచ్చిన రావచ్చును, లేకున్న లేదు. తేమ యేటేట తప్పక వచ్చును, వచ్చి మూసిన తలుపు సందుననే లోపలికి పోవును. కావున పెట్టెను దొంగకొఱకు కొన్నను తేమనుబట్టి పరీక్షింపవలెనని మేము చెప్పుదుము.

మన యిండ్లలో నుండు నాణెములెట్టివో ముందు చూతము. పెట్టె యెట్టిది కావలయునో దానినిబట్టియే తేలును. ఎక్కువగా కానవచ్చునవి ఇంగ్లీషు ప్రభుత్వకాలపు వెండి రూపాయలు. 1835 మొదలు 1939 వఱకు ముద్రింపబడిన రూపాయ 11.66 గ్రాముల తూకము గలిగి, నూటికి దాదాపు 92 పాళ్లు వెండియై యుండెను. యుద్ధకాలమున 1940 లో వెండిని నూటికి 50 పాళ్లకు తగ్గించిరి. 1947 నాటి రూపాయను నికెలుతోనే చేసిరి. 1943 మొదలు 1947 వఱకు వెలువడిన చిల్లుకానీలు నేటికిని పెద్దమ్మల సందుకులలో దొరకును. వీనికంటె పాతవి కంపెనీవారి రాగినాణెములు. 1794, 1797 సంవత్సరముల ముద్రతో ఉత్తర సర్కారులకొఱకే, అనగా మన ప్రాంతముకొఱకే, ఇంగ్లండులోని సోహో టంకశాలలో అచ్చువేసిన నాణెములు కలవు. అవి నలువదియెనిమిది యొక రూపాయకు సమానమని వానిమీదనే ఇంగ్లీషులో వ్రాసియుండును. పాలకొల్లులో డచ్చివారికి వర్తకశాల యుండెను గనుక, వి, ఓ, సి అను మూడక్షరములు పెనవేసికొన్న చిన్న రాగినాణెములును అప్పుడప్పుడు కంటబడును. మనము నేడు ధనమునకెల్ల వాడుకొను ‘డబ్బు’ అను మాటయు ఒకప్పుడు ఒక రాగినాణెమునకు పేరే.

అన్నిటికంటె ప్రాచీనములు శాతవాహనుల సీసపు నాణెములు. వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మున్నగు రాజుల నాణెములలో కొన్నింటిమీద రెండు స్తంభములు గల యోడ బొమ్మ యుండును. సర్ వాల్టర్ ఇలియట్టు దొర 1845 నుండి 1854 వఱకు ఉత్తర సర్కారులకు కమీషనరుగా నుండి, దక్షిణదేశపు నాణెములను శ్రద్ధగా పరిశీలించి, 1886 లో వానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. మన పొలములలో నాగలికి తగిలిన సీసపు బిళ్లను ఇట్టి పండితుడు చూచినగాని దాని విలువ తెలియదు. ఇచ్చట నొక మాట చెప్పక తప్పదు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో దాచబడిన నిధి పదిరూపాయలకు మించిన విలువగలది దొరకినచో, దొరికినవాడు దానిని గూర్చి కలెక్టరుగారికి వ్రాతమూలముగా తెలుపవలయును. అట్టిదానికి చోటు మన యినుపపెట్టె కాదు.

ఈ లోహము లొక్కొక్కటి యొక్కొక్క విధముగా చెడును. బంగారమునకు గాలివలన భయము లేదు. వెండి గంధకపు వాయువులవలన నల్లబడును. మురుగు నిలిచిన బోదెల చెంత ఆ వాయువులు మనకు కొఱతపడవు. రాగియు కంచును సామాన్యముగా ముదురు రంగుదేలి నిలిచిపోవును, అది చెడుగు కాదు. కాని ఉప్పు సోకిన రాగినాణెముమీద లేతాకుపచ్చని పొడి గుల్లగా లేచినచో అది రోగము. లోపల చేరిన క్లోరైడు లవణము తేమ దొరకిన కొలది లోహమును తినుచు పోవును. తేమ నూటికి 40 పాళ్లకు తగ్గినచో ఆ రోగము దాదాపుగా నిలిచిపోవును. ఉప్పు చేయు పని తెలియగోరువారు ‘అడ్మిరల్ గార్డనర్’ అను నోడ సంగతి వినవలెను. అది చెన్నపట్టణపు రాజధానికొఱకు 1808 ముద్రగల పది కాసుల, ఇరువది కాసుల రాగినాణెములను టన్నులకొలది తెచ్చుచు 1809 జనవరిలో ఇంగ్లండు తీరముననే గుడ్విన్ ఇసుకతిన్నెలమీద చిక్కి మునిగెను. 1980 తరువాత గజయీతగాండ్రు వెలికితీసిన ఆ నాణెములు నేడు లోకమంతట అమ్ముడుపోవుచున్నవి; వానిలో పెక్కింటి ముఖములు గుంటలుపడి యున్నవి.

సీసము సంగతి మఱియు విచిత్రము. రెండువేల యేండ్లు మట్టిలో నున్నను చెడని సీసపు నాణెము, మనము గౌరవించి కఱ్ఱపెట్టెలో పెట్టిన పిమ్మట కొన్నియేండ్లకే తెల్లని పొడియై రాలవచ్చును. కలప యేదైనను ఎంతో కొంత ఎసిటిక్ ఆమ్లపు ఆవిరిని విడుచుచుండును. సిర్కాకు పులుపునిచ్చునది ఆ యామ్లమే. మూసిన పెట్టెలో అది కూడుకొని సీసమును మెల్లగా సీసపు కార్బొనేటుగా మార్చును. పాశ్చాత్య దేశముల ప్రదర్శనశాలలు ఓకు కఱ్ఱ బీరువాలలో సీసపు వస్తువులుంచి ఈ పాఠము నేర్చుకొన్నవి. తాతలనాటి భోషాణము చూడ ముచ్చటగా నుండునుగాని, అందు పట్టుబట్టలు దాచవచ్చును, ఇత్తడి సామానులు దాచవచ్చును. శాతవాహనుల నాణెములు మాత్రము దాచరాదు.

తేమ యెంత యున్నదో తెలిసికొనుటకు మన వంటయింటిలోనే ఒక సాధనము కలదు. శ్రావణ భాద్రపదములలో ఉప్పుజాడి చెమ్మగిల్లుట అందఱు నెఱుగుదురు. గాలిలోని తేమ నూటికి 75 పాళ్లు దాటినపుడు శుద్ధమైన ఉప్పు గాలినుండి నీటిని పీల్చి కరగ నారంభించును. కల్లుప్పు ఇతర లవణముల సాంగత్యముచే అంతకు ముందే చెమ్మగిల్లును. నాణెములకు కావలసినది 40 పాళ్లు. మన గాలిలో వర్షకాలమున నుండునది దానికి రెట్టింపు. అంగళ్లలో స్వల్పమైన వెలకు తేమను కొలుచు చిన్న యంత్రములు దొరకును. అవి సరిగా చూపునది లేనిది మా సైన్సు తరగతి పిల్లలు ఇట్లు పరీక్షింతురు: ఒక సీసామూతలో ఉప్పుపోసి, తడియిసుకవలె అగునంత నీరు చిలికి, ఆ మూతను యంత్రముతో కూడ గాజుజాడిలో పెట్టి గాలి చొరకుండ మూసి రాత్రియంత విడుతురు. తెల్లవారి యంత్రము 75 చూపవలెను. 80 చూపినచో అయిదు తగ్గించి లెక్కింపవలెను. ఇంతకంటె చౌకయైన ప్రయోగము మా ప్రయోగశాలలో లేదు.

ఇక పెట్టె మాట. అంగడిలో ‘ఫైర్ ప్రూఫ్’ అని చెప్పి యెక్కువ వెలకు అమ్మునదానిని గూర్చి మొదట చెప్పెదము, ఏలయన తలిదండ్రులు మోసపోవున దిచ్చటనే. నిప్పునకు తాళు పెట్టె గోడలు రెండు రేకుల నడుమ కాంక్రీటువంటిదో జిప్సమువంటిదో నింపి చేయుదురు. పూర్వము పటికయు రంపపుపొట్టును నింపుచుండిరి. ఈ పదార్థముల గుణమేమనగా వానిలో నీరు బంధింపబడి యుండుట. పటికలో నూటికి 45 పాళ్లు, జిప్సములో దాదాపు 21 పాళ్లు నీరే. పటికను పెనముమీద పొంగించునపుడు అది బుసబుసమని నీరు విడుచుట మీరు చూచియుందురు. ఇల్లు కాలునపుడు పెట్టె గోడలలోను ఇదియే జరుగును: నీరు ఆవిరియై వేడిని హరించును, లోపలి కాగితములు మాడకుండును. మంచి యుపాయమే. కాని ఇల్లు కాలని దినములలో, అనగా మన యాయుష్కాలమంతయు, ఆ నింపుడులో బంధింపబడక మిగిలిన చెమ్మ మెల్లగా పెట్టెలోనికి దిగుచుండును. నిప్పును నిలుపుటకు తలుపు బిగువుగా మూయుదురు గనుక ఆ చెమ్మ వెలుపలికి పోవుటకు దారియు లేదు.

మేమెఱిగిన యొక గృహస్థుడు తన తండ్రిగారు నలువదియేండ్లు కూర్చిన వెండి రాగి నాణెములను పలుచని ప్లాస్టిక్ అఱల పుస్తకములో నమర్చి, ఇట్టి నిప్పుపెట్టె కొని, అందు భద్రపఱచి నిశ్చింతగా నుండెను. రెండు వర్షకాలములు గడచిన పిమ్మట తెఱచి చూడగా రాగినాణెములమీద ఆకుపచ్చని జిగురు పట్టియుండెను. దొంగ రాలేదు, నిప్పు రాలేదు, తాళము చెక్కుచెదరలేదు. తండ్రిగారి వ్రాతతో ఉన్న చీట్లు కూడ బూజుపట్టి చదువరాకపోయెను. ఆ నష్టమునకు వెల కట్టువారెవ్వరు?

అయితే నిప్పుభయము లేదా యని యడుగవచ్చును. లోహములు కరగు వేడిమిని చూడుడు. వెండి 962 డిగ్రీలకు, బంగారము 1064 డిగ్రీలకు, రాగి 1085 డిగ్రీలకు కరగును. కాగితములకై చేసిన నిప్పుపెట్టె లోపలి వేడిమి 177 డిగ్రీలు మించకుండ కాపాడుట కేర్పడినది. వెండి రాగి నాణెములకు అంత రక్షణ యక్కఱలేదు. మామూలు ఉక్కుపెట్టెలో నల్లబడిన నల్లబడును గాని పెక్కుసార్లు రూపు చెడక నిలుచును. సీసము మాత్రము 327 డిగ్రీలకే కరగును. కాబట్టి సీసపు నాణెములు గలవారును, దస్తావేజులు దాచుకొనువారును నిప్పుపెట్టె కొనవచ్చును. కొన్నచో నాణెములను గాలి చొరని వేఱొక డబ్బీలో, తేమను పీల్చు పదార్థముతో కూడ పెట్టి, ఆ డబ్బీని పెట్టెలో నుంచవలెను. మిగిలినవారికి నింపుడు లేని మందపు ఉక్కుపెట్టెయే మేలు. మన దేశమున అర్దేషిర్ గోద్రెజ్ గారు 1897 లో తాళములను, 1902 లో ఇనుపపెట్టెలను చేయ నారంభించిరి. 1944 ఏప్రిల్ 14 న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికిన్’ అను ఓడ పేలి పెద్ద యగ్నిప్రమాదము జరిగినపుడు తమ పెట్టెలలోని వస్తువులు చెక్కుచెదరలేదని ఆ సంస్థవారు చెప్పుకొందురు.

దొంగ విషయమున రెండు మాటలు చాలును. మొదటిది బరువు. చిన్నపెట్టెను దొంగ అక్కడ తెఱవడు. ఎత్తుకొనిపోయి తీరికగా తెఱచును. అమెరికాలోని పరీక్షాసంస్థవారు 340 కిలోలకు తక్కువైన పెట్టెను నేలకు బిగించితీరవలెనని నియమించిరి. మన యిండ్లలోని పెట్టెలు సామాన్యముగా 100 కిలోలకును తక్కువ గనుక, అడుగున బోల్టులకై రంధ్రములు లేని పెట్టెను కొననేరాదు. బోల్టులు కాంక్రీటులో దిగవలెను. సున్నపు పాతగోడలో దిగిన బోల్టు గునపము తగిలినంతనే యూడివచ్చును. రెండవది మందము. తలుపు మందముగా నుండి ప్రక్కలు పలుచనైన పెట్టెలు చాల కలవు. దొంగ తలుపువైపునకే రావలెనని నియమము లేదు. భారత ప్రమాణముల సంస్థవారు ఇనుపపెట్టెలకు 550 అను సంఖ్యతో ప్రమాణమును ఏర్పఱచియున్నారు. కొనునపుడు ఆ గుర్తును అడుగుడు.

తాళమును గూర్చి జనులు అతిగా ఆలోచింతురు. 1851 లో లండను మహాప్రదర్శనమునకు వచ్చిన హాబ్స్ అను అమెరికనుడు ఎవ్వరును తెఱవలేరని పేరువడిన చబ్, బ్రామా తాళములు రెండింటిని తెఱచి చూపెను. అయినను బ్రామా తాళమునకు అతనికి పదునాఱు దినములలో విడతలుగా ఏబది గంటలు పైగా పట్టెను. మన యూరి దొంగకు అంత తీరిక లేదు. మీటల తాళము కొనువారు కర్మాగారమున నుంచిన తొలి సంఖ్యను మార్చుట మఱువరాదు. వర్షకాలమునకు ముందు బ్యాటరీలు మార్చవలెను. తాళపుచెవి తాళము కొనువారు ఆ చెవిని దేవుని పటము వెనుకనో గోడ గడియారము వెనుకనో పెట్టకుండిన చాలును, ఏలయన దొంగ మొదట వెదకునది అక్కడనే.

పెట్టెను ఎచ్చట పెట్టవలెనను ప్రశ్న మన ప్రాంతమున కష్టమైనది. 1986 ఆగస్టులో దవళేశ్వరము ఆనకట్టవద్ద గోదావరి సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల ప్రవాహముతో వచ్చినపుడు గట్లు తెగి డెల్టా గ్రామములనేకములు మునిగెను. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమను పాడుచేసెను. నిప్పునకు తాళు పెట్టెలన్నియు నీటికి తాళవు. కనుక వఱదభయము పెట్టెను మేడమీదికి పొమ్మనును. కాని ఇండ్ల అంతస్తులను సామాన్యముగా చదరపు మీటరుకు 200 కిలోల భారమునకు లెక్కించి కట్టుదురు. 250 కిలోల పెట్టె అర మీటరు చోటులో కూర్చుండినచో ఆ లెక్క తప్పును. బరువు క్రిందికి పొమ్మనును. దీనికి మాకు తోచిన మార్గము, నేలయంతస్తుననే, ఇంటి నడిమి గదిలో, కాంక్రీటు అరుగు కట్టించి దానిమీద పెట్టెను బిగించుట. అరుగెంత యెత్తుండవలెనో ఇంజనీరుకంటె మీ వీధిలోని ముసలివా రెక్కువగా చెప్పగలరు. 1986 లో నీరు ఎంతవఱకు వచ్చినదో అడిగి, దానికి ఒక మూర కలుపుకొనుడు. మేడమీద తప్పనిచో గోడ వారగా, దూలమున్నచోట పెట్టి, ముందుగా మేస్త్రీనిగాక ఇంజనీరునే యడుగవలెను. వానజల్లు కొట్టు గోడ, స్నానపుగది గోడ, వంటయిల్లు, ఈ మూడును పనికిరావు.

పెట్టె వచ్చిన పిమ్మట వెంటనే నాణెములు పెట్టకుడు. క్రొత్త రంగు, రబ్బరు అంచు, జిగురు విడుచు ఆవిరులు పోవునట్లు పొడిదినములలో తలుపు తెఱచి రెండు మూడు వారము లుంచవలెను. లోపల ఉన్నిబట్టయో మఖ్మలో అంటించియున్నచో ఊడదీయుట మంచిది. ఉన్నిలోని గంధకము వెండిని నల్లచేయును. రబ్బరు పట్టీలతో నాణెముల పొట్లములు కట్టుటయు వార్తాపత్రికలో చుట్టుటయు అందుకే కూడదు. మెత్తగా, జిడ్డుగా, ఘాటైన వాసనతో నుండు పి.వి.సి. సంచులు పైన చెప్పిన ఆకుపచ్చ జిగురునకు కారణము. పాలిప్రొపిలీను, పాలిథీను, మైలారు సంచులు భయము లేనివి. నాఫ్తలీను గుండ్లు అనవసరము, లోహమును పురుగు తినదు. చింతపండుతో తోముట మాత్రము మహాపాపము. దేవుని గదిలోని రాగి చెంబునకు అది తగును. నాణెమునకు దాని వయస్సే అందము, అదియే విలువ.

ఇప్పుడు లోపలి తేమను తీయవలెను. 30 డిగ్రీల వేడిమిలో ఒక ఘనమీటరు గాలి పట్టగల నీరు దాదాపు 30 గ్రాములు. 60 లీటర్ల పెట్టెలోని గాలి నిండుగా తేమతో నున్నను అందులోని నీరు రెండు గ్రాములకు లోపే. 100 గ్రాముల సిలికా జెల్ తేమను 40 పాళ్లవద్ద నిలుపుచు దాదాపు ఇరువది గ్రాముల నీటిని పీల్చగలదు. కాబట్టి పెట్టెలో నున్న గాలి మనకు చిక్కు కాదు. మాటిమాటికి తలుపు తెఱచి తెచ్చుకొను గాలియే చిక్కు. ముసురుపట్టిన దినమున చుట్టములకు చూపించుటకై తెఱవరాదు. చూపుడు పండుగ పుష్య మాఘములలో పెట్టుకొనుడు. సిలికా గుండ్లలో రంగు మాఱు జాతిని కొనుడు. నారింజ రంగువి తేమ నిండినపుడు ఆకుపచ్చనగును. వానిని 120 డిగ్రీల పొయ్యిపెట్టెలో రెండు మూడు గంటలు వేడిచేసినచో మరల పనికివచ్చును.

ఇంత శ్రమ యేల, బ్యాంకు లాకరులో పెట్టిన చాలదా యనువారున్నారు. మిక్కిలి వెలగల బంగారునాణెములకు అదియే మేలు. కాని అందు పెట్టిన వస్తువులకు బ్యాంకు బీమా చేయదు. రిజర్వు బ్యాంకువారి నియమము ప్రకారము 2022 జనవరి 1 నుండి, నిప్పు, దొంగతనము, కట్టడము కూలుట, ఉద్యోగుల మోసము మున్నగువానివలన నష్టము కలిగినపుడు బ్యాంకు బాధ్యత యేటి యద్దెకు నూఱురెట్లు మాత్రమే; వఱదవంటి దైవికములకు, బ్యాంకువారి నిర్లక్ష్యము లేనిచో, బాధ్యతయే లేదు. సిలికా జెల్ పొట్లము అక్కడను వేయవలసినదే.

పిల్లలు చేయవలసిన పని యొకటి మిగిలినది. ఒక్కొక్క నాణెమునకు సంఖ్య యిచ్చి, తూకము, వ్యాసము, రెండు ముఖముల ఛాయాచిత్రము, ఎవరివలన ఎప్పుడు వచ్చినదో ఆ సంగతి ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. తాతగారో నాయనమ్మగారో ఇచ్చినదైనచో వారు చెప్పిన మాటలు వారుండగనే వ్రాసికొనుడు. తూకము మరల మరల చూచినచో రోగము పట్టిన నాణెము ముందే తెలియును. పోయిన నాణెమును పోలీసువారికి చూపుటకును, బీమావారికి చూపుటకును ఈ పుస్తకమే ఆధారము గనుక, దానిని ఆ యినుపపెట్టెలో పెట్టక, ఒక ప్రతిని మేనమామగారి యింటనో పెదనాన్నగారి యింటనో ఉంచుడు.